టొరంటోలో తాగిన ఐదు మిల్లీగ్రాముల గ్లాసు, విజయవాడలో సాయంత్రం గ్లాసు

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు మొదట చెబుతాను. మీకు అరవై దాటింది, మొగల్రాజపురంలో ఉంటారు, డాక్టరు చెప్పిన మీదట రెండేళ్ళ క్రితం మద్యం పూర్తిగా మానేశారు. రక్తపోటుకు ఒక మాత్ర, గుండె లయ తప్పుతున్నందువల్ల రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడుతున్నారు. మొన్న కెనడాలోని టొరంటోలో అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు అల్లుడు గారు మద్యం లేని, గంజాయి సారం 5 మిల్లీగ్రాములు మాత్రమే ఉన్న నిమ్మ సోడా డబ్బా ఒకటి ఇచ్చారు. ఆ సాయంత్రం హాయిగా గడిచింది, రాత్రి నిద్ర బాగా పట్టింది. అటువంటిదే ఇప్పుడు ఇంట్లో తయారు చేసుకోవాలని, చక్కెర వ్యాధి ఉన్న మీ శ్రీమతి గారు కూడా పక్కన కూర్చుని తాగగలిగేలా ఉండాలని మీ కోరిక. మిత్రులు ముగ్గురు మూడు సలహాలు ఇచ్చారు. ఆకు తెప్పించి నేతిలో కాచమని ఒకరు, అమ్మాయి చేత చుక్కల సీసా పోస్టులో పంపించుకోమని మరొకరు, ఆన్‌లైన్‌లో సీబీడీ నూనె, అంటే అదే మొక్కలో ఉండే మత్తు ఇవ్వని మరో పదార్థంతో చేసిన నూనె, కొనమని ఇంకొకరు అన్నారు.

నేను గుంటూరు దగ్గర ఒక ఫార్మసీ కళాశాలలో ముప్పై ఏళ్ళకు పైగా ఔషధ తయారీ శాస్త్రం బోధించాను. నూనెను నీటిలో కలిసేలా చేయడం, చేసిన మందులో ప్రతి చెంచాకూ ఒకే మోతాదు వచ్చేలా చూడడం విద్యార్థులకు నేర్పడమే నా వృత్తి. పదవీ విరమణ తరువాత ఏడాదిన్నర కాలం, టొరంటో ఉన్న ఆంటారియో రాష్ట్రంలోనే మా అబ్బాయి దగ్గర ఉన్నాను కనుక, అక్కడ చట్టబద్ధంగా అమ్మే ఈ పానీయాలను దగ్గరగా చూశాను. ఇంట్లో ఒకసారి కలిపాను. ఆ ఒక్కసారీ తప్పు చేశాను. ఆ తప్పు సంగతి తరువాత చెబుతాను.

ముందు సూటి సమాధానం. విజయవాడలో మీరు ఆ పానీయాన్ని తయారు చేయకూడదు. కారణాలు రెండు: ఒకటి చట్టం, రెండవది కొలత. చట్టం ఒక్కటే అడ్డు అనుకుని, దానిని ఎలాగో దాటితే చాలునని భావించేవారు చాలామంది ఉన్నారు కాబట్టి, కొలత గురించే ఎక్కువగా చెబుతాను. మీరు టొరంటోలో తాగినదానిని భద్రంగా ఉంచింది ఆ నిమ్మరసమూ కాదు, ఆ మొక్కా కాదు. డబ్బా మీద అచ్చు వేసిన ఆ '5' అనే అంకె, ఆ అంకె నిజమని పరీక్షించి చెప్పిన ప్రయోగశాల. ఆ రెండూ ఇక్కడ మీ వంటగదిలోకి రావు.

చట్టం విషయం క్లుప్తంగా. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం, అందరూ ఎన్‌డీపీఎస్ చట్టం అంటున్నది, గంజాయిని మూడు రూపాలుగా నిర్వచించింది. మొదటిది చరస్, అంటే మొక్క నుంచి తీసిన జిగురు. రెండవది గంజాయి, అంటే పూత లేదా కాయ పట్టిన కొసలు. మూడవది ఈ రెండింటిలో దేనితోనైనా చేసిన మిశ్రమం లేదా పానీయం. పానీయం అనే మాట ఆ నిర్వచనంలోనే ఉంది కనుక, పొగ తాగడం లేదు, షర్బత్ తాగుతున్నాను అనే వాదనకు అక్కడ చోటు లేదు. కిలో లోపు దొరికితే ఏమీ కాదట అని మన ఊళ్ళో తరచుగా వినిపించే మాట కూడా పొరపాటే. కిలో వరకు 'స్వల్ప పరిమాణం' అని మాత్రమే చట్టం చెబుతున్నది. ఆ స్వల్ప పరిమాణానికి ఏడాది వరకు కఠిన కారాగారం గాని, పదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. కేవలం తాగినందుకు వేరే సెక్షన్ కింద ఆరు నెలల వరకు శిక్ష ఉంది. పైగా మన రాష్ట్రంలో 2024లో ఈగల్ అనే ప్రత్యేక దళం ఏర్పడిన తరువాత, ఏజెన్సీ నుంచి మైదానానికి వచ్చే దారులన్నిటి మీద నిఘా పెరిగింది. మీ మిత్రుడు 'తెలిసినవాడు' అని చెప్పే మనిషి ఆ దారిలో చివరి గొలుసు కొక్కెం మాత్రమే. వాడి ఫోనులో మీ నంబరు ఉండడమే మీకు చాలినంత చిక్కు.

ఇక ఆకు సంగతి. కొసలు కలవని ఆకులను, గింజలను ఆ చట్టం గంజాయి నిర్వచనం నుంచి మినహాయించిన మాట నిజమే. ఉత్తరాదిన కొన్ని రాష్ట్రాలలో లైసెన్సు ఉన్న భంగు దుకాణాలు నడుస్తున్నది ఆ మినహాయింపు మీదనే. అయితే ఆకు విషయాన్ని రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలకు వదిలిపెట్టారే గాని, అందరికీ అనుమతి ఇచ్చినట్లు కాదు. మన కోస్తాలో శివరాత్రికి భంగు తాగే ఆచారం ఇంటింటా లేదు. లైసెన్సు దుకాణం నుంచి కాకుండా చేతి మీదుగా వచ్చిన పొట్లంలో ఉన్నది ఒట్టి ఆకేనని ఎవరు చెప్పగలరు? అందులో నాలుగు పూత కొసలు కలిసినా మీరు తిరిగి అదే నిర్వచనంలోకి వస్తారు. ఆయుర్వేదంలో ఈ మొక్కకు 'విజయ' అని పేరుందనీ, మా ఊరి పేరులోనే ఉందనీ మీ మిత్రుడు చమత్కరించారట. బాగుంది, అదే ఆయుర్వేదం దానిని శుద్ధి చేయకుండా వాడవద్దని చెప్పింది, మన ఔషధ నిబంధనలు దానిని వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే వాడవలసిన విషద్రవ్యాల పట్టికలో చేర్చాయి. ఆ రెండు మాటలు కూడా ఆయన చెప్పి ఉంటే బాగుండేది.

చట్టాన్ని కాసేపు పక్కన పెట్టి లెక్క చూడండి. ఆంటారియో దుకాణంలో కొన్న ఎండు పువ్వులో ఈ సారం 20 శాతం ఉన్నదనుకుందాం. ఒక గ్రాము పువ్వులో 200 మిల్లీగ్రాముల సారం ఉంటుంది. అది పచ్చి మొక్కలో ఆమ్ల రూపంలో ఉంటుంది కనుక మత్తు ఇవ్వదు. వేడి తగిలినప్పుడు అందులోని కార్బన్ డయాక్సైడ్ విడిపోయి మత్తునిచ్చే టీహెచ్‌సీగా మారుతుంది. మారేటప్పుడు బరువు కొంత తగ్గుతుంది కాబట్టి అంతా మారితే దాదాపు 175 మిల్లీగ్రాములు మిగులుతాయి. కొత్తవారికి ఒక గ్లాసుకు 2.5 మిల్లీగ్రాములు చాలు. అంటే ఆ ఒక్క గ్రాములో 70 గ్లాసులున్నాయి. మన వంటింటి త్రాసు చూపించే అతి చిన్న అంకె ఒక గ్రాము. ఆ త్రాసు ఒక్క అంకె అటో ఇటో చూపిస్తే మీ కొలతలో తేడా 70 గ్లాసులు. ఇది శాతం తెలిసిన సరుకు మాట. పొట్లంలో వచ్చే ఆకులో అది ఒక శాతమో, నాలుగు శాతమో, ఏ తడిలో ఎన్నాళ్ళున్నదో, దాని మీద ఏ పురుగుమందు కొట్టారో ఎవరికీ తెలియదు. నేతిలో ఎంతసేపు, ఎంత వేడిలో కాచారన్నదాన్ని బట్టి మారిన భాగమూ మారుతుంది. ఇన్ని తెలియని అంకెలను ఒకదానితో ఒకటి గుణించి వచ్చినదానిని 'తక్కువ మోతాదు' అనడానికి నా చదువు ఒప్పుకోదు.

రెండవ చిక్కు నూనెకూ నీటికీ ఉన్న పాత పగ. టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది, నీటిలో దాదాపు కరగదు. నేతిలో కాచడం అనే ఆలోచన అందుకే పుట్టింది. అయితే ఆ నెయ్యిని షర్బత్‌లో వేస్తే ఏమవుతుంది? పైకి తేలుతుంది. డబ్బాలలో వచ్చే పానీయాలలో ఆ నూనెను కంటికి కనిపించనంత చిన్న బిందువులుగా విరగ్గొట్టి, ఒక్కొక్క బిందువు చుట్టూ మరొక పదార్థపు పొర కప్పి, మళ్ళీ ఒకదానితో ఒకటి కలవకుండా చేస్తారు. దానిని ఎమల్షన్ అంటారు. ఫినాయిల్‌ను బకెట్ నీళ్ళలో పోస్తే తెల్లగా పాలలాగా విచ్చుకునేది అదే. పాలు కూడా సహజమైన ఎమల్షనే. కవ్వం వేసి ఆ పొర తెగేదాకా చిలికితేనే వెన్న పైకి వస్తుంది. మా విద్యార్థుల చేత తుమ్మబంకతో ఎమల్షన్ చేయించేవాణ్ణి: స్థిర తైలం నాలుగు పాళ్ళు, నీరు రెండు పాళ్ళు, బంక ఒక పాలు, కల్వంలో ఒకే వైపు వేగంగా నూరుతూ ఉంటే ఒక దశలో చిటపటమని శబ్దం వస్తుంది, ముద్ద తెల్లబడుతుంది, అప్పుడు మాత్రమే మిగిలిన నీరు కొద్దికొద్దిగా చేర్చాలి. ఆ చిటపట వినిపించకముందే నీరు పోసిన విద్యార్థి సీసాలో మరునాటికి నూనె పైన, నీరు కింద ఉండేవి. వానికి మార్కులు ఉండేవి కావు.

ఇన్నేళ్ళు ఈ మాట చెప్పిన నేను ఆంటారియోలో చేసిన పని వినండి. ఒక శనివారం మా బావమరిది దంపతులు వచ్చారు. అక్కడి దుకాణంలో కొన్న, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములున్న నూనె సీసా మా అబ్బాయి దగ్గర ఉంది. ఎనిమిది గ్లాసుల అల్లం నిమ్మ షర్బత్ కూజాలో కలిపి, అందరికీ ముందే చెప్పి, అందరూ సరేనన్న తరువాతనే అందులో సిరంజితో కొలిచి రెండు మిల్లీలీటర్లు వేశాను. అంటే మొత్తం 20 మిల్లీగ్రాములు, గ్లాసుకు రెండున్నర. లెక్క సరిగ్గానే ఉంది. తుమ్మబంక ఇంట్లో లేదు. వేడి షర్బత్‌లో గరిటెతో గట్టిగా కలిపితే ఈ కాసేపటికి చాలులే అనుకున్నాను. అతిథి కదా అని మొదటి గ్లాసు బావమరిదికి పోశాను. కూజా మీదికి తేలిన నూనెపొర దాదాపు అంతా ఆ గ్లాసులోకే పోయి ఉండాలి. గంట వరకు ఆయనకు ఏమీ తెలియలేదు. రెండున్నర గంటలకు గుండె దడ, నోరు ఎండిపోవడం, గోడలు దూరంగా జరుగుతున్నట్లు ఉండడం, ప్రాణం పోతుందేమోనన్న భయం. ఆరోగ్య సలహా నంబరుకు ఫోను చేసి, వారు చెప్పినట్లు పక్కనే కూర్చుని, తెల్లవారుజాము వరకు కనిపెట్టుకుని ఉన్నాము. మిగిలిన ఏడు గ్లాసులు తాగినవారికి నిమ్మరసం తప్ప మరేమీ తెలియలేదు. ఇందులో ఏమీ లేదే అని మా ఆవిడ అన్న మాట ఇప్పటికీ ఇంట్లో అందరూ గుర్తుచేసి నవ్వుతారు. బావమరిది మాత్రం నవ్వడు.

ఆ రెండున్నర గంటల ఆలస్యమే ఈ పానీయాలలో అతి పెద్ద ఉచ్చు. పొగ రూపంలో వెళ్ళినది ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి వెళ్ళి నిమిషాలలో తెలుస్తుంది. నోటి ద్వారా వెళ్ళినది ముందు కాలేయం గుండా పోవాలి; అక్కడ అది మరింత బలమైన మరో రూపంగా మారుతుంది. అందువల్ల ప్రభావం మొదలు కావడానికి అరగంట నుంచి రెండు గంటలు, శిఖరానికి చేరడానికి నాలుగు గంటల వరకు, దిగిపోవడానికి పన్నెండు గంటల వరకు పట్టవచ్చు. మరీ సన్నని బిందువులతో చేసిన డబ్బా పానీయాలు పావుగంట, ఇరవై నిమిషాలకే తెలుస్తాయని తయారీదారులు చెబుతారు. అందుకే మీకు ఆ సాయంత్రం సాఫీగా తోచి ఉంటుంది. నేతితో చేసిన ఇంటి షర్బత్‌కు ఆ గుణం ఉండదు. మద్యానికి అలవాటు పడిన మనిషి గంట గడిచినా ఏమీ తెలియకపోతే రెండో గ్లాసు పోసుకుంటాడు. రెండూ కలిసి అర్ధరాత్రి తలుపు తడతాయి.

ఇప్పుడు మీ మాత్రల విషయం. మీ ప్రశ్నలో మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసినది నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా కనిపించింది. వార్ఫరిన్‌ను శరీరం నుంచి తొలగించే కాలేయపు ఎంజైమే టీహెచ్‌సీని కూడా తొలగిస్తుంది. సీబీడీ ఆ ఎంజైమ్ పనిని అడ్డుకోగలదు. అడ్డుపడితే వార్ఫరిన్ రక్తంలో పేరుకుపోయి ఐఎన్‌ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతున్నదో చెప్పే అంకె, పెరుగుతుంది, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. టీహెచ్‌సీ గుండె వేగాన్ని పెంచుతుంది. గుండె లయ తప్పే మనిషికి అది కోరి తెచ్చుకునే సంగతి కాదు. కూర్చున్నవారు లేచినప్పుడు రక్తపోటు పడిపోయి కళ్ళు తిరగడం కూడా సాధారణమే. రక్తపోటు మాత్రతో అది ఎక్కువవుతుంది. వార్ఫరిన్ వాడుతున్న అరవై దాటిన మనిషి రాత్రిపూట స్నానాలగదికి వెళుతూ తూలి పడితే తలకు తగిలిన చిన్న దెబ్బ కూడా చిన్నది కాదు. టొరంటోలో ఒక్క డబ్బాకు మీకు ఏమీ కాలేదు, సంతోషం. దానిని అనుమతి పత్రంగా తీసుకోకండి. వచ్చే ఐఎన్‌ఆర్ పరీక్షకు వెళ్ళినప్పుడు మీ గుండె డాక్టరుకు ఆ డబ్బా సంగతి దాచకుండా చెప్పండి. విన్నవారు మిమ్మల్ని పట్టించేస్తారన్న భయం అక్కరలేదు. మందుల లెక్క సరిచూసుకోవడానికి అది వారికి అవసరం.

మళ్ళీ టొరంటో వెళ్ళినప్పుడు, ఆ డాక్టరు సరేనన్న పక్షంలో, అక్కడ మీరు ఏమి చేయవచ్చో కూడా చెబుతాను. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి పెద్దవారికి గంజాయి చట్టబద్ధం. తినే, తాగే రూపాలు మరుసటి ఏడాది చట్టంలోకి వచ్చాయి. ఆ తినే, తాగే సరుకు ఒక ప్యాకెట్టులో 10 మిల్లీగ్రాములకు మించి టీహెచ్‌సీ ఉండకూడదు. ఇంట్లో పానీయం కలుపుకోవడం కూడా, మండే ద్రావకాలతో సారం తీయనంతవరకు, అక్కడ అనుమతించినదే. అయినా మీకు ఇంట్లో కాచడం వద్దు. లైసెన్సు ఉన్న దుకాణంలో 2.5 మిల్లీగ్రాముల డబ్బా అడగండి; అల్లుడు గారు ఇచ్చిన దానిలో అది సగం. ఇంట్లోనే కలుపుకోవాలని సరదా ఉంటే నీటిలో కలిసే చుక్కల సీసా కొని, కూజాలో కాకుండా ఒక్కొక్కరి గ్లాసులో విడివిడిగా కొలిచి వేసుకోండి. నా పొరపాటు మీరు చేయనక్కరలేదు. సాయంత్రానికి ఒక్కటే గ్లాసు, అన్నం తిన్న తరువాత, మద్యం తోడు లేకుండా, ఆ రాత్రి కారు తాళాలు ముట్టకుండా. మనవలు ఉన్న ఇల్లు కనుక సీసా తాళం వేసిన చోట ఉండాలి. రంగు రంగుల సోడా డబ్బా పిల్లలకు సోడా డబ్బాలాగే కనిపిస్తుంది. మామూలు తినుబండారమని పొరబడి గంజాయి సరుకు నోట్లో వేసుకున్న పసిపిల్లలు అక్కడ ఆసుపత్రులకు చేరిన సందర్భాలు ఉన్నాయి.

ఆ సీసాను పోస్టులో పంపించుకోవడం, సూట్‌కేసులో తెచ్చుకోవడం మాట తలపెట్టకండి. అక్కడ చట్టబద్ధమైన సరుకైనా దేశం దాటించడం కెనడా చట్టం ప్రకారమే నేరం. ఇక్కడికి చేరితే మన చట్టం ప్రకారం అది దిగుమతి కేసు. మీ మిత్రుడికి సలహా ఇచ్చిన పాపం మాత్రమే, పార్సిల్ మీద పేరు మీ అమ్మాయిది, చిరునామా మీది. సీబీడీ నూనె పేరుతో ఇక్కడ ఆన్‌లైన్‌లో దొరికేవి ఆయుష్ లైసెన్సు మీద, వైద్యుని చీటీతో అమ్మవలసిన మందులు. సాయంత్రం షర్బత్‌లో పోసుకునేవి కావు, వార్ఫరిన్ వాడేవారికి అసలే కావు. దుకాణాలలో హెంప్ గింజల (గంజాయి జాతి మొక్క గింజల) పేరుతో వచ్చే పొడులు, నూనెలు వేరే సంగతి. 2021లో మన ఆహార భద్రతా సంస్థ ఆ గింజలను ఆహారంగా అనుమతిస్తూ, వాటితో చేసిన పానీయాలలో కిలోకు 0.2 మిల్లీగ్రాములకు మించి టీహెచ్‌సీ ఉండరాదని పరిమితి పెట్టింది. రెండున్నర మిల్లీగ్రాములు చేరాలంటే పన్నెండున్నర లీటర్లు తాగాలి. అది పోషకాహారం, మత్తు కోసం కొంటే డబ్బు దండగ.

ఇక విజయవాడ సాయంత్రానికి ఏమి కలుపుకోవాలి? మద్యం మానినవారు చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, దాని స్థానంలో తీపి షర్బత్‌ను పెట్టడం. తీపి గ్లాసు రెండు గుక్కలలో అయిపోతుంది. సాయంత్రం మాత్రం అలాగే మిగిలి ఉంటుంది. మద్యం గ్లాసును గంటసేపు చేతిలో ఉంచేది దానిలోని ఘాటు, చేదు. నాలుకకు కొంచెం ఎదురు చెప్పే రుచి ఉంటేనే మనిషి నెమ్మదిగా తాగుతాడు. కాబట్టి మనకు కావలసినది ఘాటు, చేదు, పులుపు, వాసన. తీపి చివర, కొద్దిగా.

నేను గుంటూరులో ఇంటి మేడ మీద రోజూ తాగుతూ వచ్చినది ఇది. ఇద్దరికి: దంచిన అల్లం పదిహేను గ్రాములు, కచ్చాపచ్చాగా నలిపిన మిరియాలు ఆరు, ఏలకులు రెండు, బత్తాయి తొక్క లోపలి తెలుపుతో సహా వేలెడంత ముక్క, 300 మిల్లీలీటర్ల నీటిలో వేసి పది నిమిషాలు సన్నని మంట మీద మరిగించాలి. ఆ తెలుపే చేదును ఇస్తుంది, కనుక దానిని గీకి పారేయకండి. వడకట్టి పూర్తిగా చల్లార్చి, సుగంధి పాకం రెండు పెద్ద చెంచాలు, అరచెక్క నిమ్మరసం, చిటికెడు సైంధవ లవణం కలిపి, మంచు ముక్కల మీద సగం గ్లాసు వరకు పోసి, మిగిలిన సగం గోలీ సోడాతో నింపాలి. సోడాను గ్లాసు అంచు మీదుగా జార్చితే నురగ నిలుస్తుంది. సుగంధి వేళ్ళ వాసన, అల్లం ఘాటు, తొక్క చేదు మూడూ కలిస్తే గ్లాసు నలభై నిమిషాలు నిలుస్తుంది. గడియారం పెట్టి చూశాను. బత్తాయికి బదులు పంపరపనస వాడితే రుచి ఇంకా బాగుంటుంది గాని, ఆ జాతి పండ్లు కొన్ని రక్తపోటు మాత్రల పనిని మార్చేస్తాయి కనుక మీకు వద్దు. తీపి కోసం అతిమధురం వేయమని ఎవరైనా చెబితే అదీ వద్దు. అది రక్తపోటును పెంచుతుంది.

వేసవిలో, బందరు రోడ్డు మీద రాత్రి ఎనిమిదింటికి కూడా వేడి గాలి తగ్గని రోజులలో, కడిగిన వట్టివేళ్ళు ఒక పిడికెడు కొత్త కుండలోని నీళ్ళలో రాత్రంతా ఉంచి, ఆ నీటితోనే పై పానీయం చేసి చూడండి. చలికాలంలో పానకం మంచిది. మంగళగిరి కొండ మీద నరసింహస్వామికి పోసే పానకమే: లీటరు నీటికి బెల్లం 80 గ్రాములు, మిరియాల పొడి చెంచాడు, శొంఠి, ఏలకులు. మిరియాలు మామూలు కంటే కొంచెం ఎక్కువ వేసి గోరువెచ్చగా తాగితే గొంతులో దిగే వేడి మీకు పాత రోజులను గుర్తు చేస్తుంది. పోసిన పానకంలో సగం స్వామి స్వీకరించి సగం భక్తునికి వదిలిపెడతాడని మన నమ్మకం. మోతాదు గురించి నేను తరగతిలో చెప్పిన పాఠాలన్నిటి కంటే అది సులువుగా గుర్తుంటుంది.

నిద్ర కోసం అయితే పడుకునే గంట ముందు బాదం పాలు. పది బాదం పప్పులు నానబెట్టి పొట్టు తీసి రుబ్బి, గ్లాసు పాలలో కాచి, దించేముందు జాజికాయను సానరాయి మీద రెండు చుట్లు తిప్పి, ఆ గంధాన్ని కలపండి. రెండు చుట్లే. జాజికాయ ఎక్కువైతే వాంతులు, గుండె దడ, రోజంతా తేరుకోని మైకం వస్తాయి. ఒక పెద్ద కాయ బరువు ఐదారు గ్రాములు, ఆ పాటి మోతాదే విషంగా పనిచేయగలదు. మన పోపుల డబ్బాలో కూడా కొలత తప్పితే కాటేసే వస్తువు ఉందని చాలామందికి తెలియదు. గసగసాలు ఇక్కడ నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. గల్ఫ్‌లోని బంధువులకు మాత్రం పొట్లం కట్టి ఇవ్వకండి, అక్కడ అవి నిషిద్ధం. అశ్వగంధ పొడి జోలికి మీ డాక్టరును అడగకుండా పోవద్దు.

మీ శ్రీమతి గారి గ్లాసు సంగతి చెప్పి ముగిస్తాను. దుకాణంలో దొరికే సుగంధి పాకంలో సగానికి పైగా చక్కెరే కనుక ఆమెకు అది పనికిరాదు. ఆయుర్వేద మూలికలు అమ్మే దుకాణంలో సుగంధి వేళ్ళు ఎండువి కొని, పది గ్రాములు నలగ్గొట్టి, పై అల్లం కషాయంలోనే చివరి ఐదు నిమిషాలు వేసి మూత పెట్టి దించండి. ఎక్కువసేపు మరిగిస్తే వాసన ఆవిరితో పోతుంది. వేళ్ళు కొనేటప్పుడు ఒకటి విరిచి వాసన చూడండి. వెనిలా వంటి తీయని వాసన రాకపోతే అవి పాతవి, తీసుకోకండి. నిమ్మరసం, ఉప్పు, సోడా మామూలే. తీపి లేకపోయినా ఆ వాసన వల్ల తీపి ఉన్నట్లే తోస్తుంది. మా ఇంట్లో నేను తాగేది కూడా ఇప్పుడు ఇదే.